సెల్లార్ సైట్ నుంచి బురద రోడ్డెక్కే దారులు రెండే: పంపు గొట్టం, టిప్పర్ టైరు

హైదరాబాద్‌లో సెల్లార్ తవ్వే సైట్‌కి పర్యావరణ ప్లాన్ తయారు చేయమంటే, చాలామంది కన్సల్టెంట్లు మొదట రాసేది చుట్టూ సిల్ట్ ఫెన్స్ (పారే నీటిలోని మట్టిని ఆపే గుడ్డ కంచె) అని. ఆ దశలో దానితో పెద్దగా పని లేదు. ఎకరం జాగాలో రెండు సెల్లార్లకు గుంత తీశాక, సెట్‌బ్యాక్ (చుట్టూ కట్టకుండా వదిలే జాగా) అంచులు తప్ప మిగతా నేలంతా రోడ్డు మట్టానికి 7, 8 మీటర్ల కింద ఉంటుంది. పడ్డ వాన పడ్డట్టు గుంతలోకే దిగుతుంది. ఫెన్స్ దాకా నీళ్లే రావు. అయినా ఆ వీధి రోడ్డు ఎర్రగానే ఉంటుంది, క్యాచ్‌పిట్ (రోడ్డు నీళ్లు వరద కాలువలోకి దిగే గుంట) మట్టితో నిండే ఉంటుంది. ఆ మట్టి పంపు గొట్టంలోంచో టిప్పర్ టైర్లకు అంటుకునో బయటికొచ్చింది. గుంత దశలో ఉన్న డబ్బూ శ్రద్ధా ఈ రెండింటి మీదే పెట్టాలి. ఫెన్స్ సంగతి తర్వాత, బ్యాక్‌ఫిల్లింగ్ (సెల్లార్ గోడల వెనక మట్టి పూడ్చడం) నాటికి వస్తుంది.

ముందు ఒక్క మాట. వరద కాలువకు చివర ఎస్టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) ఉండదు. క్యాచ్‌పిట్‌లో పడింది నాలాలోకి, నాలా నుంచి చెరువులోకి, అక్కణ్నుంచి కింది చెరువుకో మూసీకో పోతుంది. గొలుసుకట్టులో మొదటి చెరువే ఒండ్రంతా మింగుతుంది. ఇది పట్టనివాళ్లకు ఇంకో కారణం ఉంది: మీ బురదతో పూడిన క్యాచ్‌పిట్ వల్ల వీధిలో నిలిచిన నీళ్లు తిరిగి దిగేది మీ ర్యాంపు మీదుగానే.

పంపు

వాన ఆగీ ఆగగానే పంపు ఆన్ చేయడమే అసలు తప్పు. రాఫ్ట్ (పునాది స్లాబు) షెడ్యూల్ వెనకబడుతోందని పైనుంచి ఫోన్లు వస్తుంటాయి, సూపర్‌వైజర్ 10 హెచ్‌పీ పంపును నేరుగా బురదలో దింపేసి గొట్టాన్ని దగ్గర్లోని మ్యాన్‌హోల్‌లోకి వదిలేస్తాడు. అది డ్రైనేజీదా వరద నీటిదా అని కూడా ఎవరూ చూడరు. మట్టి ఎంతసేపటికి తేరుతుందో తెలిస్తే ఆ తొందర ఎంత నష్టమో అర్థమవుతుంది. మన వానాకాలపు నీటి వేడిలో, 1 మీటరు లోతు నిలిచిన నీటిలో, 0.1 మి.మీ. ఇసుక రేణువు అడుగుకు చేరడానికి రెండు నిమిషాలు చాలు. 0.01 మి.మీ. రేణువుకు రెండున్నర గంటలు పడుతుంది. 0.005 మి.మీ. దానికి పది గంటలు. 0.001 మి.మీ. బంకమట్టి రేణువుకైతే దాదాపు పది రోజులు. అంటే కదపకుండా ఒక్క రాత్రి ఆగితే, 0.005 మి.మీ. దాకా ఉన్నదంతా ఉచితంగా అడుగుకు దిగిపోతుంది. ఆ రాత్రి ప్రొక్లెయిన్ ఆ నీళ్లలో తిరగకూడదు. తిరిగితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

గుంతలో ఒక మూల, ర్యాంపుకు వీలైనంత దూరంగా, ఒకటిన్నర మీటర్ల చదరంలో మీటరు లోతు సంప్ తీయండి. అందులో 200 లీటర్ల డ్రమ్మును నిలబెట్టి, చుట్టూ 10–12 మి.మీ. రంధ్రాలు పొడిచి, దోమతెర లాంటి జాలీ చుట్టి, బయట 20, 40 మి.మీ. కంకర నింపాలి. పంపును డ్రమ్ములో అట్టడుగు నుంచి ఒక అడుగు ఎత్తున వేలాడదీయాలి. నేలకు ఆనిస్తే పంపు మడ్డినే తోడుతుంది, ఇంపెల్లర్ కూడా తొందరగా అరిగిపోతుంది. ఈ మాట చెబితే పంపు అద్దెకిచ్చినవాడు కూడా మీ వైపు మాట్లాడతాడు.

పంపు నీళ్లను నేరుగా బయటికి వదలకుండా పైన సెట్‌బ్యాక్‌లో ఒక తేరుడు తొట్టి కట్టాలి. దాని సైజు అందాజుగా పెడితే పనికిరాదు. ముందు పంపు నిజంగా ఎంత తోడుతుందో కొలవండి: ఖాళీ డ్రమ్ములోకి గొట్టం పెట్టి గడియారం చూడండి. 200 లీటర్లు 20 సెకన్లలో నిండితే సెకనుకు 10 లీటర్లు, గంటకు 36 ఘనపు మీటర్లు. పంపు మీద బిళ్లలో రాసింది నమ్మొద్దు, ఎత్తునుబట్టి అది మారిపోతుంది. ఇప్పుడు 0.02 మి.మీ. రేణువు దాకా పట్టుకోవాలంటే, అది సెకనుకు సుమారు 0.4 మి.మీ. వేగంతో దిగుతుంది కాబట్టి, సెకనుకు 10 లీటర్లను 0.4 మి.మీ.తో భాగిస్తే 25 చదరపు మీటర్లు వస్తుంది. నీళ్లు తొట్టిలో సమంగా పారవు కనుక మరో ఐదు కలుపుకుంటే 30. అంటే 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. లోతు 1.2 మీటర్లు నీటికి, మరో 30 సెం.మీ. మడ్డికి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. జాగా లేదని వెడల్పు తగ్గించి లోతు పెంచుతారు. మట్టి తేరడాన్ని తేల్చేది తొట్టి పైవైశాల్యం, లోతు కాదు. రెండింతలు లోతు తవ్వితే నీరు ఎక్కువసేపు ఆగుతుంది నిజమే, కానీ రేణువు దిగాల్సిన దూరం కూడా రెండింతలైంది. లాభం సున్నా. జాగా నిజంగా లేకపోతే చిన్న పంపు పెట్టి ఎక్కువ గంటలు నడపండి. పంపు సగమైతే తొట్టి కూడా సగం చాలు.

గొట్టం తొట్టిలో పడేచోట నీటి జోరు విరగాలి. లేకపోతే పైనుంచి దూకే ధార అడుగున చేరిన మడ్డినంతా లేపేస్తుంది. రంధ్రాల డ్రమ్ములోకి గొట్టం పెడితే సరిపోతుంది. ఆ తర్వాత మూడో వంతు దూరంలో అడుగు నుంచి లేచే అడ్డుగోడ ఒకటి, ఇంకో మూడో వంతులో పైనుంచి దిగే పలక ఒకటి ఉండాలి. పైనుంచి దిగేది నూనె తెట్టును కూడా ఆపుతుంది. బయటికి పోయే దారి పైపులా ఒక్కచోట పెట్టకుండా, వెడల్పంతా సమమట్టంగా ఉన్న గట్టు మీదుగా పొర్లి పోయేలా చేయాలి. ఆ గట్టు ఒకవైపు అంగుళం వాలినా నీళ్లన్నీ అటే లాగేసి తొట్టిలో సగం మూలపడుతుంది. మట్టపు గొట్టంతో ఒకసారి చూసుకుంటే పోయేదానికి ఏడాదంతా బాధపడడం ఎందుకు?

ఇంత చేసినా నీళ్లు ఎర్రగానే ఉంటే అది బంకమట్టి, ఊరికే తేరదు. చల్కా నేలల కింద మొరంలో ఈ సన్నపు ఎర్రమట్టి బాగా ఉంటుంది. దీనికి పటిక వేయాలి. ఊళ్లలో కుండ లోపల చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చేవాళ్లు, పటిక రాయి తిప్పేవాళ్లు. ఇక్కడా అదే పని, కాకపోతే కొలతతో చేయాలి. 10 గ్రాముల పటికను లీటరు నీటిలో కరిగిస్తే ఆ ద్రావణం 1 మి.లీ.లో 10 మి.గ్రా. ఉంటుంది. లీటరు సీసాలు నాలుగింటిలో మీ గుంత నీళ్లు తీసుకుని ఆ ద్రావణం 3, 5, 8, 10 మి.లీ. చొప్పున వేయండి. ఒక నిమిషం గట్టిగా, పది నిమిషాలు మెల్లగా కలిపి అరగంట వదిలేయండి. ఏ సీసాలో తక్కువ మోతాదుకే నీళ్లు తేరాయో అదే మీ లెక్క. లీటరుకు 50 మి.గ్రా. అని తేలితే, గంటకు 36 ఘనపు మీటర్ల పంపుకు గంటకు 1.8 కిలోల పటిక కావాలి. పదిశాతం ద్రావణం చేసుకుంటే గంటకు 18 లీటర్లు. కుళాయి ఉన్న డ్రమ్ములోంచి పంపు ధార పడేచోట చుక్కలుగా వదలాలి, ఆ సుడిలోనే బాగా కలుస్తుంది. తొట్టి చివర గుప్పెడు పొడి చల్లితే ఖర్చే తప్ప ఫలితం ఉండదు. ఎక్కువ వేస్తే పీహెచ్ పడిపోతుంది (నీళ్లు ఆమ్లమవుతాయి), కాబట్టి పీహెచ్ పేపరు పక్కనే ఉంచుకోండి. నేల మీది నీటి వనరుల్లోకి వదిలే మురుగుకు పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లోని సాధారణ ప్రమాణాల ప్రకారం పీహెచ్ 5.5 నుంచి 9, నీటిలో తేలాడే మట్టి లాంటి ఘనపదార్థాలు లీటరుకు 100 మి.గ్రా. లోపు ఉండాలి. మీకు వేరే షరతు ఏదీ రాసివ్వకపోయినా ఈ అంకెనే గురిగా పెట్టుకోండి.

తేరిన నీళ్లను వదిలేయడం కూడా ఒకరకంగా దండగే. ఎండాకాలం అంతా ట్యాంకర్లు కొన్న సైట్, వానాకాలం నీళ్లను కాలువ పాలు చేస్తుంది. దుమ్ముకు చల్లడానికి, టైర్లు కడగడానికి ఈ నీళ్లు చక్కగా పనికొస్తాయి. కాంక్రీటు కలపడానికైతే ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) పెట్టిన హద్దులున్నాయి, తేలే పదార్థం లీటరుకు 2000 మి.గ్రా. మించకూడదు, పీహెచ్ 6కు తగ్గకూడదు, మిగతావి కూడా ల్యాబ్‌లో చూపించుకోవాలి.

గేటు

టిప్పర్ టైర్ల మట్టి మీద ఎంత చెప్పినా సైట్ వాళ్లు చేసేది ఒకటే: సాయంత్రం ట్యాంకర్‌తో రోడ్డు కడిగేస్తారు. రోడ్డు మెరుస్తుంది, ఫొటో తీసి గ్రూపులో పెడతారు. ఆ బురదంతా క్యాచ్‌పిట్‌లో చేరింది. అంటే టైరు మొదలుపెట్టిన పనిని ట్యాంకర్ పూర్తి చేసిందన్నమాట. రోడ్డు మీద పడ్డ మట్టిని ఎండుగానో చిత్తడిగానో ఉండగానే పారతో గీకి, ఊడ్చి, బస్తాలకెత్తి లోపలికి తేవాలి. నీళ్లు కొట్టడం అన్నది చివరి మాట.

గేటు లోపల 15 మీటర్ల పొడవున కంకర పరుపు వేయండి. 50–75 మి.మీ. రాయి, కనీసం 15 సెం.మీ. మందం, కింద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది). 5 మీటర్ల వెడల్పుకు లెక్కేస్తే 11 ఘనపు మీటర్ల పైచిలుకు, మన మాటలో 400 ఘనపుటడుగులు. 20 మి.మీ. కంకర మిగిలింది కదా అని అది పోయొద్దు: మట్టిలో కూరుకుపోతుంది, జంట టైర్ల మధ్య ఇరుక్కుని రోడ్డు మీద ఎగిరి పడుతుంది. గుడ్డ మానేస్తే నెలరోజుల్లో రాయి కిందికి, బంకమట్టి పైకి వస్తాయి, డబ్బు నేలపాలు. 15 మీటర్లు ఎందుకంటే, టైరు ఆ దూరంలో నాలుగైదు చుట్లు తిరుగుతుంది, ఆ చుట్లలోనే మట్టి రాలుతుంది. 5 మీటర్లు వేసి ఊరుకుంటే ఒకటిన్నర చుట్టే. జాగా అంత లేకపోతే పాత ఐ-బీములు జానెడు ఎడంతో అడ్డంగా పరిచి టైర్లను కుదిపే ఏర్పాటు చేయండి. దాని కింది గుంటను రోజూ ఎత్తిపోస్తేనే అది పనిచేస్తుంది.

పెద్ద సైట్లలో టైర్లు కడిగే తొట్టి ఉంటుంది. ఆ కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. రోడ్డు వైపు వాలు ఉంటే ఆ ఏర్పాటంతా వృథా. నీళ్లు లోపలి వైపు పారి చిన్న గుంటలో తేరి మళ్లీ పంపుకే రావాలి.

గేటు దగ్గర, ర్యాంపు మొదట్లో, 15–20 సెం.మీ. ఎత్తు కాంక్రీటు గట్టు అడ్డంగా పోయడం చాలా చవకైన పని. వీధి నీళ్లు లోపలికి రాకుండా, లోపలి బురద బయటికి పోకుండా రెండు వైపులా కాస్తుంది. వానాకాలంలో గుంతలో నిలిచే నీళ్లలో పైనుంచి పడ్డ వాన కన్నా గేటు గుండా దూరిన వీధి వరదే ఎక్కువ ఉన్న సైట్లు తక్కువేం కాదు. ఎకరం మీద 25 మి.మీ. వాన పడితే 100 ఘనపు మీటర్లు, లక్ష లీటర్లు. మీరు తోడాల్సింది అంతే. గేటు తెరిచి ఉంటే పక్క కాలనీ నీళ్లూ మీరే తోడాలి. గుంత అంచు చుట్టూ కూడా ఒకటిన్నర అడుగుల ఇటుక గోడ కడితే పక్కల నుంచి నీరు దిగదు, ఎర్రమట్టి గోడలు నాని జారే ముప్పూ తగ్గుతుంది. వానాకాలంలో కొత్త సెల్లార్లు తవ్వొద్దని నగరపాలక అధికారులు చెప్పేది ఈ జారుడు భయంతోనే. మట్టి కాలుష్యం మాట ఆ ఆదేశాల్లో పెద్దగా కనిపించదు, అది వేరే సంగతి.

కాంక్రీటు కడుగు నీళ్లు

ఇవి చూడ్డానికి బూడిద రంగులో అమాయకంగా ఉంటాయి గానీ బురద కన్నా ప్రమాదకరం. తాజా సిమెంటు నీళ్ల పీహెచ్ 12 దాటుతుంది. అది తేరినా, వడగట్టినా తగ్గదు. చెరువులో చేరితే చేపల మొప్పలను కాల్చేస్తుంది. ట్రాన్సిట్ మిక్సర్ డ్రైవరుకు ఎక్కడ కడగాలో చూపించకపోతే గేటు బయట కాలువ పక్కనే కడుగుతాడు, అతని తప్పు కాదు.

పది అడుగుల చదరంలో మూడడుగుల లోతు గుంట తీసి, 250 మైక్రాన్ల పాలిథీన్ పట్టా ఒకే ముక్కగా పరవండి. కాలువకూ క్యాచ్‌పిట్‌కూ కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి. అతుకులు వేస్తే అక్కడే కారుతుంది. పట్టా అంచులను గట్టు మీద మట్టితో తొక్కించాలి. సైట్‌లో చ్యూట్ (మిక్సర్ నుంచి కాంక్రీటు జారే తూము) మాత్రమే కడగాలి, డ్రమ్ము ప్లాంటుకు పోయాక కడుక్కోవాలి. ఈ షరతు ఆర్డరు మీదే రాయించుకుంటే వాదన ఉండదు. గుంట ముప్పావు వంతు నిండగానే గట్టిపడ్డ ముక్కను పగలగొట్టి సోలింగ్‌కు (నేల కింద వేసే రాళ్ల పరుపుకు) వాడుకోవచ్చు. పట్టా ఆ దెబ్బలకు చిరుగుతుంది, ప్రతిసారీ కొత్తది వేయాల్సిందే. వాన వచ్చేముందు గుంట మీద రేకు కప్పండి. లేదంటే పొర్లేది ఆ నీళ్లే.

ఈ నీళ్లను పంపు తొట్టిలో కలపకూడదు. పీహెచ్ అంత ఎక్కువలో పటిక సరిగా పనిచేయదు, అక్కడి లెక్కంతా చెడుతుంది. రాఫ్ట్ పోసిన మర్నాడు వాన పడితే గుంత నీళ్లలోనూ పీహెచ్ పెరుగుతుంది, పంపు వేసేముందు పేపరు ముంచి చూడండి. పైన నూనె మెరుపు కనిపిస్తే పంపు ఆపేసి ముందు దాన్ని పీల్చే గుడ్డలతో ఎత్తేయాలి. డీజిల్, షటరింగ్ ఆయిల్ డ్రమ్ముల కింద ట్రే ఉంటే ఈ తిప్పలే ఉండవు. ట్రే పట్టు పెద్ద డ్రమ్ము కన్నా పది శాతం ఎక్కువ, అంటే 200 లీటర్ల డ్రమ్ముకు 220 లీటర్లు.

గుంత పూడ్చాక

రిటైనింగ్ వాల్ (సెల్లార్ చుట్టూ మట్టిని ఆపే గోడ) వెనక బ్యాక్‌ఫిల్లింగ్ అయ్యాక కథ తిరగబడుతుంది. ఇప్పుడు నేల రోడ్డు మట్టానికి వచ్చింది, మట్టి వదులుగా ఉంది, వాన నేరుగా వీధిలోకి పారుతుంది. సిల్ట్ ఫెన్స్ అవసరం ఇప్పుడే. సరిగ్గా ఈ దశలోనే దాన్ని తీసేసి ఉంటారు.

షేడ్ నెట్ కట్టి సిల్ట్ ఫెన్స్ అనకండి. ఆ ఆకుపచ్చ వల కళ్లలోంచి మట్టి దర్జాగా పోతుంది. పాలిథీన్ పట్టా కడితే నీళ్లు అసలు వదలదు, నిండి ఒరిగిపోతుంది. నేసిన జియోటెక్స్‌టైలే కావాలి. కర్రలు 6 అడుగుల ఎడంతో, వాలుకు కింది వైపు పాతాలి. గుడ్డ అడుగు భాగాన్ని 15 సెం.మీ. లోతు, 15 సెం.మీ. వెడల్పు గాడిలో మడిచిపెట్టి మట్టి పోసి తొక్కాలి. తొంభై శాతం ఫెన్సులు విఫలమయ్యేది ఈ గాడి లేకనే అంటే అతిశయోక్తి కావచ్చు గానీ, వాన తర్వాత ఏ ఫెన్స్ దగ్గర చూసినా నీళ్లు కిందనుంచి దూరిన జాడే కనబడుతుంది. రెండు కొసలను మెరక వైపు తిప్పాలి, లేకపోతే పక్కనుంచి జారుకుంటాయి. 30 మీటర్ల ఫెన్స్ పావు ఎకరం నీటినే కాస్తుంది. నీళ్లు ఒక పాయగా వచ్చేచోట ఫెన్స్ నిలవదు, అక్కడ రాళ్ల కట్ట వేయాలి. మట్టి ఫెన్స్ ఎత్తులో మూడో వంతుకు రాగానే తీసేయాలి.

బ్యారికేడ్ రేకులు ఎలాగూ ఉంటాయి కనుక, వాటి అడుగున ఒక వరస ఇటుక కట్టి గచ్చు పూస్తే సగం పని అయినట్టే. నీళ్లు పోయే చోట మాత్రం ఖాళీ వదిలి, అక్కడ జాలీ సంచుల్లో 20 మి.మీ. కంకర నింపి పేర్చండి. గోనె సంచుల్లో ఇసుక వద్దు, గోనె చివికి ఇసుకే కాలువలో పడుతుంది. రోడ్డు మీది క్యాచ్‌పిట్ చుట్టూ కూడా ఇవే సంచులు, మధ్యలో ఒకటి తక్కువ ఎత్తులో పెట్టాలి, పెద్ద వాన వస్తే దాని మీదుగా నీళ్లు పోవాలి. క్యాచ్‌పిట్ జాలీ మీద గుడ్డ కట్టేయడం మాత్రం చేయొద్దు. ఒక్క వానకు వీధి చెరువవుతుంది, కాలనీ వాళ్లు దాన్ని చింపి పారేస్తారు, వాళ్లనేం అనగలం.

మట్టి కుప్పలకు టార్పాలిన్ కప్పి తాళ్లతో, బస్తాలతో బిగించాలి. రెండు నెలలు కదపని కుప్ప అయితే జనుమో జీలుగో పొలంలో కన్నా కాస్త ఒత్తుగా చల్లితే చాలు, తొలకరికి మొలిచి వేళ్లతో మట్టిని పట్టేస్తుంది. మొలిచేదాకా ఎకరానికి 2 టన్నుల లెక్కన వరిగడ్డి పరవండి. టార్పాలిన్ల ఖర్చుతో పోలిస్తే ఇది దాదాపు ఊరికే వచ్చినట్టు. అయినా సైట్లలో దీన్ని చేసేవాళ్లు అరుదు, ఇంజనీరింగ్‌లా కనిపించదని కాబోలు.

చట్టం సంగతి క్లుప్తంగా. 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టే ప్రాజెక్టుకు 2006 పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి ఉంటుంది. నీళ్లు, మట్టి గురించిన షరతులు ఆ కాగితంలోనే ఉంటాయి, సైట్ ఇంజనీరుకు ఒక కాపీ ఇవ్వండి. అంతకన్నా చిన్నదైనా, నీటి వనరులోకి కలుషితాలు వదలకూడదని 1974 జల చట్టం 24వ సెక్షన్ అందరికీ చెబుతోంది. అమెరికాలో ఎకరం నేల కదిపినా వరద నీటి పర్మిట్ కావాలి. ఫెడరల్ పర్మిట్ కింద వారానికోసారి, లేదా రెండు వారాలకోసారితో పాటు పావు అంగుళం వాన పడ్డ 24 గంటల్లో తనిఖీ చేసి రాసిపెట్టాలి. ఆ రెండో పద్ధతి మనకు బాగా సరిపోతుంది: 6 మి.మీ. వాన పడ్డ మర్నాటి ఉదయం సూపర్‌వైజర్ తొట్టి, గేటు, సంచులు, కాంక్రీటు గుంట చూసి రిజిస్టరులో నాలుగు గీతలు రాయాలి. వానమాపకం ఖరీదైందేం కాదు. నిటారు పక్కలున్న డబ్బాను ఆరుబయట పెట్టి స్కేలుతో కొలిచినా సరే.

చివరగా అందరూ మరచిపోయే దశ, ఫినిషింగ్. బయట మట్టి లేదు, రోడ్డు శుభ్రం, బురద సమస్య అయిపోయిందనుకుంటారు. అప్పుడే లోపల మార్బుల్ పాలిష్, గ్రానైట్ కటింగ్ మొదలవుతుంది, పాలలాంటి నీళ్లు బాల్కనీ గొట్టాల్లోంచి వాననీటి పైపులోకి దిగుతాయి. ఆ పిండి పైపు మోచేతుల్లో పేరుకుని గట్టిపడుతుంది, పై అంతస్తులో నీళ్లు నిలిచాక గానీ తెలియదు. వాననీటి పైపు ఇంకుడు గుంతకు కలిపి ఉంటే గుంత నోరు ఆ పిండితోనే మూసుకుపోతుంది. పాలిష్ మొదలుపెట్టేముందు ఆ అంతస్తు వాననీటి పైపుల నోళ్లకు ప్లగ్‌లు బిగించండి. నీళ్లను వైపర్‌తో ఒక మూలకు చేర్చి వెట్ వ్యాక్యూమ్‌తో ఎత్తి డ్రమ్ముల్లో పోయాలి. ఒక రాత్రి ఆగితే పిండి అడుగుకు దిగుతుంది, పైనీళ్లు మళ్లీ పాలిష్‌కే వాడుకోవచ్చు, అడుగు ముద్దను ఆరబెట్టి బస్తాలకెత్తి నిర్మాణ వ్యర్థాలతో కలిపి జీడిమెట్ల ప్లాంటుకో ఫతుల్లాగూడ ప్లాంటుకో పంపాలి. పాలిష్ మేస్త్రీతో రేటు మాట్లాడుకునేటప్పుడే ఈ ఎత్తిపోత పని కూడా అందులో చేర్చండి. తర్వాత అడిగితే చేయడు.